సీసీ కెమెరాల ఫుటేజీ ఇంటి గడప దాటకూడదంటే

ప్రశ్న: మా అత్తమామలు ఖమ్మంలో సొంత ఇంట్లో ఉంటారు. నేనూ మావారూ ఉద్యోగాల కోసం హైదరాబాద్‌లో ఉంటున్నాం. వీధిలో దొంగతనం జరిగినప్పుడు ఇంటి చుట్టూ నాలుగు సీసీ కెమెరాలు, వాటి దృశ్యాలను రికార్డు చేసే పెట్టె, అంటే ఒక డీవీఆర్, పెట్టించాం. తర్వాత మామగారి ఆరోగ్యం దెబ్బతినడంతో హాల్లో ఒక వైఫై కెమెరా కూడా పెట్టి, దాని రికార్డింగులను ఇంటర్నెట్ ద్వారా కంపెనీ సర్వర్లో దాచే క్లౌడ్ సేవకు నెలనెలా చందా కడుతున్నాం. కెమెరాలు బిగించిన అబ్బాయి ఫోన్లో మా ఇల్లు ఇప్పటికీ కనిపిస్తోందని ఈమధ్యే తెలిసింది. హాల్లో కెమెరా వచ్చినప్పటి నుంచి అత్తగారు అక్కడ కూర్చోవడమే మానేశారు. క్లౌడ్ మానేసి అంతా సొంత సర్వర్లో పెట్టుకోవచ్చని మావారి స్నేహితుడు అంటున్నారు. అది మాలాంటివారికి సాధ్యమేనా? ఎంత ఖర్చవుతుంది? దాంతో నిజంగా గోప్యత వస్తుందా?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: సాధ్యమే. కానీ సర్వర్ కొనడానికి ముందు చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి, వాటికి పైసా ఖర్చు లేదు. ఫుటేజీ ఎక్కడ దాచామన్నదానికంటే దాన్ని ఎవరెవరు తెరిచి చూడగలరన్నదే గోప్యతకు అసలు ప్రశ్న. మీ ఇంటి విషయంలో ఆ ప్రశ్నకు జవాబు క్లౌడ్ కంపెనీతో కాదు, మీ ఊళ్లోని ఆ అబ్బాయితోనే మొదలవుతోంది.

కెమెరాలు బిగించేవారు పని త్వరగా ముగించుకోవడానికి డీవీఆర్‌ను తమ ఫోన్లోని యాప్‌లోనే చేర్చి, ఆ తర్వాత ఇంటివారికి షేర్ చేసి వెళ్లిపోవడం చాలాచోట్ల మామూలే. అందులో దురుద్దేశం ఉండకపోవచ్చు. రేపు కెమెరా ఆగిపోతే ఇంటిదాకా రాకుండానే చూసి చెప్పవచ్చని అతను అనుకుని ఉండవచ్చు. అయినా అది ఇల్లు కట్టిన మేస్త్రీ దగ్గర తాళంచెవి ఉండిపోవడం లాంటిదే. చాలా బ్రాండ్లలో పరికరం మొదట ఏ ఖాతాలో చేరితే ఆ ఖాతాదారునికే దానిపై పూర్తి అధికారం ఉంటుంది, షేర్ చేయించుకున్నవారు చూడగలరే తప్ప అతన్ని తొలగించలేరు. కాబట్టి అతన్ని పిలిపించి, మీ ఎదుటే తన ఖాతా నుంచి డీవీఆర్‌ను తీసేయించి, ఆ తర్వాత దాన్ని మీవారి ఖాతాలో చేర్చండి. ఆపైన డీవీఆర్‌కు టీవీ, మౌస్ తగిలించి, సెట్టింగుల్లో యూజర్ల పేజీ తెరవండి. అడ్మిన్ కాక మరో పేరేదైనా కనిపిస్తే తొలగించి, అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి. ఫోన్ నంబరు, ఇంటి నంబరు, ఊరి పేరుకు 123 తగిలించడం వంటివి పనికిరావు. పాస్‌వర్డ్ మరిచిపోతే తిరిగి పొందడానికి అక్కడ నమోదైన ఫోన్ నంబరు, ఈమెయిలు ఎవరివో కూడా చూడండి. అతనివే ఉంటే మీరు ఎన్ని పాస్‌వర్డ్‌లు మార్చినా ఫలితం ఉండదు. వైఫై పాస్‌వర్డ్‌నూ, రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్‌నూ కూడా ఆ పూటే మార్చేయండి.

రెండోది హాల్లో కెమెరా. మీరు దీన్ని ఒక్క వాక్యంలో చెప్పి ఊరుకున్నారు గానీ, మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపింది ఆ వాక్యమే. అత్తగారు తన ఇంట్లో తాను కూర్చోలేకపోతున్నారంటే, ఆ దృశ్యాలు అమెరికాలోని సర్వర్లో ఉన్నా పక్క గదిలోని పెట్టెలో ఉన్నా ఆమెకు తేడా ఏమీ ఉండదు. ఆమెను చూస్తున్నది కొడుకూ కోడలే అయినా చూడటం చూడటమే. ఒకే ఇంట్లో ఉంటున్న అన్నదమ్ముల వివాదంలో, ఇంటి లోపలి భాగంలో సహనివాసి సమ్మతి లేకుండా కెమెరాలు నడపడం అతని గోప్యత హక్కుకు భంగకరమని కలకత్తా హైకోర్టు 2025లో తీర్పు చెప్పింది. అదే ఏడాది మే నెలలో సుప్రీంకోర్టు ఆ తీర్పులో జోక్యం చేసుకోవడానికి నిరాకరించింది. మీ ఇంటి విషయం కోర్టుదాకా పోయేది కాదని నాకు తెలుసు, కానీ సమ్మతి అన్న మాటను న్యాయస్థానాలు ఎంత దగ్గరి బంధువుల మధ్యనైనా వదిలిపెట్టలేదని గమనించండి.

హాల్లో కెమెరా తీసేయమనే నా సలహా. మామగారు పడిపోతారేమోనన్న భయంతో అది తప్పదనుకుంటే, దాన్ని వీధి తలుపు వైపు మాత్రమే చూసేలా తిప్పి, మైకు ఆపేసి, దాని అడాప్టర్ పెట్టిన ప్లగ్గు స్విచ్చి అత్తగారి చేతికి అందేలా ఉంచండి, ఆమె ఆపినప్పుడల్లా ఫోన్ చేసి ఎందుకు ఆపారని అడగకండి. మైకు సంగతి చాలామంది పట్టించుకోరు. హాల్లో దృశ్యం కంటే మాటలే ఎక్కువ వ్యక్తిగతమైనవి, ఇంట్లో డబ్బు సంగతులు, జబ్బుల సంగతులు మాట్లాడుకునేది అక్కడే కదా.

ఇక క్లౌడ్ విషయానికి వస్తాను. మీ ఇంట్లో ఉన్నవి రెండు వేర్వేరు ఏర్పాట్లు. బయటి నాలుగు కెమెరాల ఫుటేజీ డీవీఆర్‌లోని హార్డ్‌డిస్క్‌లోనే, అంటే మీ ఇంట్లోనే రికార్డవుతోంది. మీ స్నేహితుడు చెబుతున్న సొంత ఏర్పాటులో ముప్పాతిక భాగం ఇప్పటికే మీ దగ్గర ఉంది. కాకపోతే ఫోన్లో చూసుకోవడానికి డీవీఆర్ మీద ఉన్న క్యూఆర్ కోడ్ స్కాన్ చేశారు కదా, అక్కడ కంపెనీ మధ్యలోకి వస్తుంది. పీ2పీ అని పిలిచే ఈ పద్ధతిలో డీవీఆర్ ఎప్పుడూ కంపెనీ సర్వర్‌తో సంబంధం పెట్టుకునే ఉంటుంది. మీ ఫోన్‌ను దానితో కలిపేది ఆ సర్వరే, నేరుగా కలపలేనప్పుడు వీడియో కూడా దాని గుండానే వస్తుంది. హాల్లోని వైఫై కెమెరా సంగతి వేరు, చందా కడుతున్నారంటే దాని రికార్డింగులే నేరుగా కంపెనీ దగ్గర నిల్వ అవుతున్నాయి.

అలా నిల్వ చేయడం వల్ల ఏమవుతుందో ఇప్పటికే లోకం చూసింది. అమెజాన్‌కు చెందిన రింగ్ సంస్థ ఉద్యోగులకు, కాంట్రాక్టర్లకు వినియోగదారుల వీడియోలు అడ్డూ ఆపూ లేకుండా అందుబాటులో ఉండేవనీ, ఒక ఉద్యోగి 2017లో మహిళల పడకగదులు, స్నానాల గదుల్లోని కెమెరాల రికార్డింగులను వేల సంఖ్యలో చూశాడనీ అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అభియోగం మోపింది. 2023లో ఆ సంస్థ 58 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. 2024 ఫిబ్రవరిలో కెమెరాలు అమ్మే వైజ్ సంస్థ సర్వర్లు ఆగి మళ్లీ మొదలైనప్పుడు సుమారు 13,000 మందికి తమ కెమెరాలకు బదులు ఇతరుల ఇళ్ల చిత్రాలు కనిపించాయి. వీటికంటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది యూఫీ ఉదంతం. రికార్డింగులు ఇంట్లోనే ఉంటాయని ప్రచారం చేసుకున్న ఆ బ్రాండ్ కెమెరాలు మనుషుల ముఖాలున్న చిన్న చిత్రాలను క్లౌడ్‌కు పంపుతున్నాయని 2022 నవంబరులో ఒక భద్రతా పరిశోధకుడు బయటపెట్టాడు. డబ్బా మీద ‘లోకల్’ అని రాసి ఉన్నంత మాత్రాన నమ్మడానికి లేదు, ఆ పరికరానికి ఇంటర్నెట్ దారి మూసినప్పుడే ఆ మాట నిజమవుతుంది.

అయితే సొంత ఏర్పాటు అన్నంత మాత్రాన గోప్యత దానంతటదే రాదని కూడా చెప్పాలి. 2016 అక్టోబరులో అమెరికాలో ఎన్నో పెద్ద వెబ్‌సైట్లను గంటల తరబడి స్తంభింపజేసిన మిరాయ్ అనే హానికర ప్రోగ్రామ్ దాడికి సైన్యంగా పనిచేసినవి చాలావరకు ఇళ్లలో, దుకాణాల్లో ఉన్న సీసీ కెమెరాలు, డీవీఆర్‌లే. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పాస్‌వర్డ్‌ను మార్చకుండా ఇంటర్నెట్‌కు తెరిచి పెట్టడమే వాటి లోపం. గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి కెమెరాల దృశ్యాలు టెలిగ్రామ్‌లో అమ్మకానికి వచ్చిన సంగతి 2025లో అందరూ చదివే ఉంటారు, అక్కడా బలహీనమైన పాస్‌వర్డే దారి ఇచ్చిందని వార్తలు వచ్చాయి. పెద్ద కంపెనీకి తప్పులు చేసే ఉద్యోగులున్నట్టే తప్పులు సరిదిద్దే ఉద్యోగులూ ఉంటారు. సొంత సర్వర్‌కు ఆ రెండో రకం ఉద్యోగి మీవారే.

అందుకే మీకు రెండు మెట్లు చెబుతాను. మొదటిది అందరూ ఎక్కగలిగేది, రెండోది ఓపిక, ఆసక్తి ఉంటేనే.

మొదటి మెట్టులో చాలావరకు కొత్త పరికరం అక్కర్లేదు, వీపీఎన్‌కు మాత్రం ఒక్కోసారి చిన్న కంప్యూటర్ కావాల్సి రావచ్చు. డీవీఆర్ నెట్‌వర్క్ సెట్టింగుల్లో పీ2పీనీ, పరికరాలు తమంతట తామే రౌటర్లో దారులు తెరుచుకునేలా చేసే యూపీఎన్‌పీనీ ఆపేయండి. రౌటర్లో పోర్ట్ ఫార్వార్డింగ్ (బయటి ఇంటర్నెట్ నుంచి ఇంట్లోని పరికరానికి పోర్టు అనే దారి తెరవడం) జాబితా తెరిచి, కెమెరాలు బిగించినవారు ఏవైనా పోర్టులు తెరిచి ఉంటే మూసేయండి. ఇంటి డీవీఆర్‌ను పోర్ట్ ఫార్వార్డింగ్ ద్వారా ఇంటర్నెట్‌కు తెరవమని ఎవరు చెప్పినా, యూట్యూబ్‌లో ఎంత పెద్ద ఛానల్ చెప్పినా వినకండి. హైదరాబాద్ నుంచి చూడటానికి వీపీఎన్ వాడండి. సినిమాల కోసం దేశం మార్చుకునే వీపీఎన్ కాదు, మీ ఇంటి నెట్‌వర్క్‌లోకి మీ ఫోన్లకు మాత్రమే దారి ఇచ్చే సొంత వీపీఎన్. దీనికి వైర్‌గార్డ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, కొన్ని రౌటర్లలో ముందే ఉంటుంది. సరైన తాళం లేకుండా తలుపు తట్టినవారికి అది జవాబే ఇవ్వదు కాబట్టి, ఇంటర్నెట్‌లో గాలించేవారికి అక్కడ తలుపు ఉన్నట్టే తెలియదు.

ఇక్కడ మన దగ్గర ఎదురయ్యే చిక్కు ఒకటుంది. చాలా ఇళ్ల ఫైబర్ కనెక్షన్లకు సొంత పబ్లిక్ ఐపీ చిరునామా రాదు. కంపెనీ ఒకే చిరునామాను ఎందరికో పంచుతుంది, దీన్నే సీజీనాట్ అంటారు. అలాంటి చోట బయటి నుంచి నేరుగా ఇంటికి చేరడం కుదరదు. కొన్ని కంపెనీలు అదనపు రుసుముతో స్టాటిక్ ఐపీ, అంటే మారని సొంత చిరునామా, ఇస్తాయి. అది వద్దనుకుంటే, వైర్‌గార్డ్ మీదే నడిచే టెయిల్‌స్కేల్ అనే సేవ ఈ అడ్డంకిని దాటిస్తుంది. అదీ ఒక కంపెనీయే కదా అని మీరు అడగవచ్చు. మీ పరికరాల పేర్లు, అవి ఎప్పుడు కలుస్తున్నాయన్నది దానికి తెలుస్తుంది గానీ, వీడియోను విప్పే తాళాలు మీ పరికరాల్లోనే ఉంటాయి. నా లెక్కలో అది సరసమైన బేరమే. డీవీఆర్‌లో టెయిల్‌స్కేల్ నడవదు కాబట్టి ఇంట్లో ఎప్పుడూ ఆన్‌లో ఉండే చిన్న కంప్యూటర్ ఒకటి, రాస్‌ప్‌బెరీ పై అయినా సరే, మధ్యవర్తిగా కావాలి.

రెండో మెట్టు మీ స్నేహితుడు చెబుతున్నది. డీవీఆర్ స్థానంలో, లేదా దానితో పాటు, ఒక మినీ పీసీ పెట్టి అందులో ఫ్రిగేట్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ నడపడం. జోన్‌మైండర్, షినోబి వంటివి కూడా ఉన్నాయి గానీ, ఇవాళ కొత్తగా మొదలుపెట్టేవారికి ఫ్రిగేట్‌నే చెబుతాను. డీవీఆర్ మోషన్ అలర్టులు చెట్టు కొమ్మ ఊగినా, పిల్లి దూకినా మోగి విసుగు పుట్టిస్తాయి, చివరికి అందరూ వాటిని ఆపేస్తారు. ఫ్రిగేట్ కదలికను పట్టుకున్నాక అక్కడున్నది మనిషా, వాహనమా, జంతువా అని ఆ పెట్టెలోనే గుర్తిస్తుంది, ఏ చిత్రమూ బయటికి పోనక్కర్లేదు. సాధారణంగా ఒక్కో కెమెరా రెండు వీడియో ప్రవాహాలు ఇస్తుంది. తక్కువ నాణ్యత గల సబ్‌స్ట్రీమ్‌ను గుర్తింపుకూ, పూర్తి నాణ్యత గల మెయిన్‌స్ట్రీమ్‌ను రికార్డింగుకూ వాడమని చెప్పాలి. చాలామంది రెండింటికీ మెయిన్‌స్ట్రీమే ఇచ్చి, కంప్యూటర్ వేడెక్కిపోతోందని వాపోతుంటారు. ఇంటెల్ ఎన్100 వంటి చిన్న ప్రాసెసర్ నాలుగు కెమెరాలకు సరిపోతుంది. ఒక హెచ్చరిక కూడా ఉంది, ఫ్రిగేట్‌కు 8971, 5000 అని రెండు పోర్టులుంటాయి. మొదటిది లాగిన్ అడుగుతుంది, రెండోది అడగదు. ఇంట్లోని ఫోన్లన్నింటికీ మొదటిదే ఇవ్వండి, రెండోదాన్ని నెట్‌వర్క్‌కు తెరవకండి.

దీనికి కెమెరా ఆర్‌టీఎస్‌పీ ప్రవాహం, అంటే ఇతర సాఫ్ట్‌వేర్ నేరుగా అందుకోగల వీడియో, ఇవ్వగలగాలి. మీ బయటి కెమెరాలు డీవీఆర్ ద్వారా ఆ ప్రవాహాన్ని దాదాపు తప్పకుండా ఇస్తాయి. హాల్లోని వైఫై కెమెరా సంగతి మోడల్‌ను బట్టి ఉంటుంది. బ్యాటరీతో నడిచేవి, క్లౌడ్ కోసమే తయారైనవి చాలావరకు ఇవ్వవు. కొత్త కెమెరా కొనేటప్పుడు ఓఎన్‌విఫ్ (వేర్వేరు బ్రాండ్ల పరికరాలు కలిసి పనిచేసే ప్రమాణం), ఆర్‌టీఎస్‌పీ రెండూ ఉన్నాయో లేదో దుకాణంలోనే అడగండి. మన దేశంలో సీసీ కెమెరాలకు భద్రతా పరీక్షలను తప్పనిసరి చేస్తూ కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ 2024లో ఇచ్చిన ఉత్తర్వు 2025 ఏప్రిల్ 9 నుంచి అమల్లోకి వచ్చింది. చవగ్గా వస్తోందని పాత సరుకు కొనకండి.

ఖర్చు అడిగారు. మినీ పీసీకి 15,000 నుంచి 25,000 రూపాయల మధ్య పెట్టుకోండి, మెమరీ ధరలను బట్టి ఇది మారుతుంది. హార్డ్‌డిస్క్ మామూలుది కాక, రాత్రింబవళ్లు రాస్తూ ఉండటానికి తయారుచేసిన వెస్టర్న్ డిజిటల్ పర్పుల్, సీగేట్ స్కైహాక్ వంటిది తీసుకోండి. ఒక కెమెరా సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున నిరంతరం రికార్డు చేస్తే రోజుకు దాదాపు 21.6 జీబీ, నాలుగింటికి 86 జీబీ పైన అవుతుంది. అంటే 2 టీబీ డిస్క్‌లో సుమారు 23 రోజులు ఉంటుంది, మీ ఇంటికి అది ఎక్కువే. పది రోజులు నిరంతర రికార్డింగూ, మనిషి కనిపించిన క్లిప్పులు మాత్రం నెల రోజులూ ఉంచితే చాలు. ఉంచనక్కర్లేనిది ఉంచకపోవడం కూడా గోప్యతలో భాగమే. 15 వాట్ల పెట్టె నెలంతా నడిస్తే 11 యూనిట్ల లోపే కాలుతుంది. దాన్నీ రౌటర్‌నూ కెమెరాల సరఫరానూ ఇన్వర్టర్ లైనుకు కలపండి, కరెంటు పోయినప్పుడు ఆగిపోయే కాపలా ఎందుకూ కొరగాదు.

ఇప్పుడు కెమెరాలకు, డీవీఆర్‌కు ఇంటర్నెట్ దారి మూయాలి. రౌటర్లో పేరెంటల్ కంట్రోల్ అనో యాక్సెస్ కంట్రోల్ అనో ఉండే చోట వాటిని నిరోధించవచ్చు. ఇది చేసిన చాలామందికి కొద్ది వారాల్లో ఒక వింత కనిపిస్తుంది, వీడియో మీద పడే సమయం నిమిషాలకు నిమిషాలు తప్పుతూ పోతుంది. కెమెరాలు సమయాన్ని ఇంటర్నెట్ నుంచే సరిచూసుకుంటాయి, దారి మూసేసరికి వాటి గడియారం జారిపోతుంది. మినీ పీసీలో క్రోనీ వంటి ఎన్‌టీపీ సర్వర్ (ఇతర పరికరాలకు సరైన సమయం చెప్పే సాఫ్ట్‌వేర్) పెట్టి, కెమెరాల సమయం సెట్టింగులో దాని చిరునామా ఇస్తే సరిపోతుంది. మొదటి మెట్టు దగ్గరే ఆగితే నెలకోసారి చేత్తో సరిచేయండి.

అలర్టుల దగ్గరా జాగ్రత్త అవసరం. ఇంత కష్టపడి సొంత సర్వర్ పెట్టుకున్నవారిలో చాలామంది చివర్లో ఒక టెలిగ్రామ్ బాట్ కలిపి, మనిషి కనిపించిన ప్రతిసారీ ఫొటో ఫోన్‌కు వచ్చేలా చేసుకుంటారు. దాంతో రోజూ డజన్ల కొద్దీ ఇంటి చిత్రాలు మరో కంపెనీ సర్వర్లో పోగుపడుతూ ఉంటాయి. ‘గేటు దగ్గర మనిషి’ అన్న మాట ఒక్కటే అలర్టుగా రావాలి, చిత్రం కావాలంటే మీరే వీపీఎన్ గుండా తెరిచి చూడాలి.

క్లౌడ్‌కు నిజమైన మేలు ఒకటుందని ఒప్పుకోవాలి. దొంగ డీవీఆర్‌ను ఎత్తుకుపోయినా క్లౌడ్‌లోని రికార్డింగు పోదు. తెలివైన దొంగలు మొదట చూసేది టీవీ కింద మెరిసే ఆ పెట్టె కోసమే. కాబట్టి మీ పెట్టెను అటక మీదో, తాళం ఉన్న బీరువా వెనకో, గాలి ఆడే చోట ఉంచండి. మనిషి కనిపించిన క్లిప్పులను మాత్రం ఎన్‌క్రిప్ట్ చేసి (తాళం లేనివారు చదవలేని రూపంలోకి మార్చి), వీపీఎన్ గుండా హైదరాబాద్‌లో మీ ఇంట్లోని మరో డిస్క్‌కు ఎప్పటికప్పుడు పంపేలా రెస్టిక్, ఆర్‌క్లోన్ వంటి ఉచిత సాధనాలతో ఏర్పాటు చేసుకోవచ్చు. రోజంతా ఫుటేజీ పంపనక్కర్లేదు, ఖమ్మం ఇంటి అప్‌లోడ్ వేగానికి అది భారం కూడా.

రెండో మెట్టు మీకు తగినదేనా అన్నది మీవారు నెలకు ఒకటి రెండు గంటలు దీనికి కేటాయించగలరా అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. అప్‌డేట్లు చేయాలి, డిస్క్ ఆరోగ్యం చూడాలి, రికార్డింగు నిజంగా జరుగుతోందో లేదో ఒక రోజు ఫుటేజీ తెరిచి చూడాలి. అంత తీరిక లేదనుకుంటే మొదటి మెట్టు దగ్గరే ఆగండి. చూసుకునే దిక్కులేని సర్వర్ కంటే పీ2పీ ఆపి, గట్టి పాస్‌వర్డ్ పెట్టి, వీపీఎన్ వెనక ఉంచిన పాత డీవీఆర్ ఎంతో మేలు. ఏ మెట్టు అయినా వైఫై కెమెరా క్లౌడ్ చందా ఈ నెలతో ఆపేయవచ్చు. ఆపే ముందు ఖాతాలోని పాత రికార్డింగులను తొలగించండి, చందా ఆగినంత మాత్రాన అవి వెంటనే చెరిగిపోతాయన్న నమ్మకం లేదు.

గేటు కెమెరాలో ఎదురింటి వాకిలి, పక్కింటి కిటికీ కనిపిస్తుంటే, డీవీఆర్‌లో ప్రైవసీ మాస్క్ అనే అమరికతో ఆ భాగాన్ని నల్లగా కప్పేయండి. మీ అత్తగారికి ఏది ఇబ్బందో పక్కింటివారికీ అదే ఇబ్బంది.

ఎప్పుడైనా ఫుటేజీ పోలీసులకు ఇవ్వాల్సి వస్తే, టీవీ తెరను ఫోన్‌తో తీసిన వీడియోనో, వాట్సాప్‌లో పంపి కుదించుకుపోయిన క్లిప్పునో ఇవ్వకండి. భారతీయ సాక్ష్య అధినియమం, 2023లోని 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకు ధ్రువపత్రం జతచేయాలి, అందులో ఆ ఫైలు హాష్ విలువ (ఫైలులో మార్పు జరగలేదని చూపే, దాని వేలిముద్ర లాంటి కోడ్) కూడా రాయాలి. కాబట్టి డీవీఆర్ నుంచో ఫ్రిగేట్ నుంచో అసలు ఫైలునే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలి, పాత రోజుల ఫుటేజీ చెరిగిపోక ముందే ఆ పని చేయాలి. ఈసారి ఖమ్మం వెళ్లినప్పుడు ఏదో ఒక రోజు పది నిమిషాల ఫుటేజీని అలా ఎక్కించి, మరో కంప్యూటర్లో తెరుచుకుంటోందో లేదో చూసుకుని రండి.